ఇంటి మీద సోలార్, ఐదేళ్ల తర్వాత: ఒక బొగ్గు మనిషి రివ్యూ

ముందే ఒక మాట. నేను సోలార్ భక్తుణ్ణి కాదు. ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గు కరెంటు ప్లాంటులో షిఫ్టులు చేసి రిటైరైనవాణ్ణి. 210 మెగావాట్ల యూనిట్ (ఒక బాయిలర్, ఒక టర్బైన్ జతని ప్లాంటులో అలా అంటాం) కంట్రోల్ రూమ్‌లో కూర్చుని, బాయిలర్ ఒత్తిడి చూస్తూ, టర్బైన్ హోరు వింటూ జుట్టు నెరిసిపోయింది. సర్వీసులో ఉన్నంతకాలం సోలార్ మాట ఎత్తితే నవ్వేవాణ్ణి. కాలిక్యులేటర్‌కి సరిపోతుంది, కర్మాగారానికి ఎక్కడ సరిపోతుందనేవాణ్ణి. ఆ నవ్వుకి అప్పట్లో లెక్క ఉంది. ఇప్పుడు ఆ లెక్క తిరగబడింది.

నేను పెట్టించింది ఇది: 540 వాట్ల ప్యానెళ్లు ఆరు, మొత్తం 3.24 కిలోవాట్లు. ప్యానెళ్ల డీసీ కరెంటుని ఇంట్లో వాడే ఏసీగా మార్చే మూడు కిలోవాట్ల ఇన్వర్టర్ ఒకటి. బ్యాటరీ లేదు, గ్రిడ్‌కి, అంటే వీధి కరెంటు లైనుకి, కలిపిన సెట్టు. రోజూ సాయంత్రం ఇన్వర్టర్ తెర మీది అంకె నోటుబుక్కులో రాసుకుంటాను. లాగ్‌బుక్ రాసిన చెయ్యి, ఊరుకోదు. మొదటి ఏడాది 4,512 యూనిట్లు, రెండో ఏడాది 4,380, మూడో ఏడాది 4,467, నాలుగో ఏడాది 4,190, ఐదో ఏడాది 4,391. మొత్తం 21,940. నాలుగో ఏడాది ఎందుకు పడిపోయిందో తర్వాత చెప్తాను, అదో పెద్ద గోల.

ఈ అంకె నా పాత కళ్లద్దాలతో చూస్తే నవ్వొస్తుంది. బొగ్గు ప్లాంటులో ఒక్క యూనిట్ కరెంటుకి అర కిలోకి పైనే బొగ్గు కాలుతుంది. ఆ లెక్కన నా కప్పు ఐదేళ్లలో ఆదా చేసింది పదకొండు టన్నులకి పైనే. మా యూనిట్ ఫుల్ లోడ్ మీద ఉంటే గంటకి వంద టన్నులు దాటి మింగేది. అంటే ఐదేళ్ల నా ఎండ పంట మా పాత యూనిట్‌కి ఆరేడు నిమిషాల పని! ఈ ముక్క మా పాత సహోద్యోగికి ఫోన్‌లో చెబితే పది నిమిషాలు నవ్వాడు. తర్వాత అడిగాడు, "అన్నా, ఆ ఆరేడు నిమిషాలకి నువ్వు ఇంధనం ఖర్చు ఎంత పెట్టావు?" సున్నా. అక్కడితో నవ్వు ఆగింది.

ప్యానెళ్ల సంగతి ముందు చెప్తాను, ఎందుకంటే వాటి మీద నాకు ఫిర్యాదు లేదు. ఒక్కోటి రెండున్నర చదరపు మీటర్లకు కొంచెం ఎక్కువ, బరువు సుమారు ఇరవై ఎనిమిది కిలోలు. తన మీద పడిన వెలుతురులో దాదాపు 21 శాతాన్ని కరెంటుగా మారుస్తుంది. 1954లో బెల్ ల్యాబ్స్ వాళ్లు లోకానికి చూపించిన సిలికాన్ సెల్ ఆరు శాతం దగ్గర ఆగింది. సామర్థ్యం పెరిగింది మూడున్నర రెట్లే కదా, అంతమాత్రానికే ఇంత చవకా అనుకోవచ్చు. అసలు కథ ధరలో ఉంది. 1976లో ఒక్క వాట్ ప్యానెల్ ఇప్పటి డబ్బు విలువలో వంద డాలర్లు దాటి ఉండేది. ఆ ధరకి నా ఒక్క ప్యానెల్ 54 వేల డాలర్లు అవుతుంది. 2024 నాటికి ఫ్యాక్టరీ గేటు దగ్గర టోకు ధర వాట్‌కి పది సెంట్ల, అంటే డాలర్లో పదో వంతు, ప్రాంతానికి దిగింది. అంటే అదే ప్యానెల్ 54 డాలర్లు. వెయ్యోవంతు! నా సర్వీసులో వెయ్యోవంతుకి దిగిన సామాను ఒక్కటీ చూడలేదు. బాయిలర్ ట్యూబు ధర పదో వంతు తగ్గినా ఆరోజు పండగ చేసుకునేవాళ్లం.

ఎందుకు దిగిందంటే, సోలార్ ప్యానెల్‌ని ఇంధనంలా తవ్వరు, టీవీలా తయారుచేస్తారు. తయారీ వస్తువుకి ఒక గుణం ఉంది, ఎన్ని చేస్తే అంత చెయ్యి తిరుగుతుంది. ప్రపంచంలో అప్పటిదాకా అమ్ముడైన ప్యానెళ్ల మొత్తం రెట్టింపైన ప్రతిసారీ ధర సుమారు ఇరవై శాతం తగ్గుతూ వచ్చింది. దీన్ని స్వాన్సన్ సూత్రం అంటారు. సూత్రమంటే న్యూటన్ సూత్రం లాంటిది కాదు, ఫ్యాక్టరీల అలవాటు అంతే. జపాన్ ఇళ్ల కప్పుల పథకం, సోలార్ కరెంటుని ఖాయమైన ధరకి కొనాలని 2000లో జర్మనీ తెచ్చిన చట్టం గిరాకీ పుట్టించాయి. ఆ గిరాకీని పట్టుకుని చైనా ఫ్యాక్టరీలు కొండంత ఎదిగాయి. మధ్యలో ఎదురుదెబ్బలూ ఉన్నాయి. 2008లో ప్యానెళ్ల ముడిసరుకైన పాలీసిలికాన్‌కి కొరత వచ్చి కిలో 400 డాలర్లు దాటింది. అందరూ కొత్త ఫ్యాక్టరీలు కట్టేసరికి ధర కుప్పకూలి, 2020 మధ్యలో పది డాలర్ల కిందకి వచ్చింది. ఇక సిలికాన్ దిమ్మెని ఇప్పుడు వజ్రపు పొడి అంటించిన సన్న తీగతో కోస్తారు. ఒక్కో పలక మందం మనం రాసుకునే కాగితానికి రెండింతలు కూడా ఉండదు. రంపపు పొట్టులా పోయే సిలికాన్ తగ్గింది, లోపల పూసే వెండి తగ్గింది, గాజు పెద్దదైంది. ఒక్క దెబ్బకి కాదు, ఇలా చిల్లర చిల్లరగా తగ్గింది.

మరి బొగ్గు ఎందుకు తగ్గలేదు? దీనికి జవాబు చెప్పే హక్కు నాకుంది. మా ఆవిరి 540 డిగ్రీలు. అంత వేడి చేసినా బొగ్గులోని శక్తిలో మూడో వంతుకి కాస్త ఎక్కువే కరెంటవుతుంది, మిగతాది చిమ్నీలోకీ కూలింగ్ టవర్‌లోకీ పోతుంది. ఇంజనీర్లు సోమరులై కాదు, వేడితో నడిచే ఏ యంత్రంలోనైనా వేడంతా కరెంటు కాకుండా ప్రకృతే ఒక గీత గీసింది. పైగా తయారైన కరెంటులో ఏడెనిమిది శాతం ప్లాంటే తినేస్తుంది. బొగ్గు నూరే మిల్లులు, ఫ్యాన్లు, నీళ్ల పంపులు, బూడిద తోడే మోటార్లు, అన్నిటికీ కరెంటే. వీటన్నిటి మీదా బొగ్గు ధర, దాన్ని మోసే రైలు కిరాయి. వందేళ్ల పాటు పిండిన నిమ్మకాయ అది, ఇంకేం రసం వస్తుంది? లజార్డ్ అనే సంస్థ అమెరికా ప్లాంట్లకి ఏటా లెక్క కడుతుంది. కొత్త బొగ్గు ప్లాంటు కరెంటు 2009లో యూనిట్‌కి 11.1 సెంట్లు, పదేళ్ల తర్వాత 10.9. అదే పదేళ్లలో పెద్ద సోలార్ ప్లాంటు కరెంటు 35.9 నుంచి 4కి దిగింది. ప్రపంచం మొత్తానికి ఐరీనా అనే అంతర్జాతీయ సంస్థ వేసిన సగటు కూడా ఇదే దారి: 2010లో 46 సెంట్లు, 2023లో 4.4. నేను నవ్విన రోజుల్లో నా నవ్వు న్యాయమైనదే. నేను నవ్వు ఆపాల్సిన ఏడాది ఎప్పుడు దాటిపోయిందో చూసుకోలేదు, అదీ నా తప్పు.

అయితే ఆ నాలుగు సెంట్లు చూసి ఇంటి కప్పుకి అదే ధర అనుకుంటే దెబ్బతింటారు. అవి వందల ఎకరాల్లో వేసే ప్లాంట్ల లెక్కలు. ఇంటి మీద ఆరు ప్యానెళ్లు వేయడానికీ అదే నిచ్చెన, అదే ఎలక్ట్రీషియన్, అదే మీటరు, అదే రానూపోనూ బండి. యూనిట్ ధర అక్కడికన్నా రెండింతలు, ఒక్కోసారి ఇంకా పైన పడుతుంది. మరి ఎలా గిట్టుబాటు? ఇంటి కప్పు పోటీపడేది ప్లాంటు గేటు దగ్గరి ధరతో కాదు. ప్లాంటు నుంచి తీగలు, సబ్‌స్టేషన్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, దారిలో నష్టాలు, బిల్లు రాసే మనిషి జీతం దాకా అన్నీ కలిపి మన మీటరు దగ్గర పడే ధరతో. అక్కడ గెలిస్తే చాలు. నా దగ్గర గెలిచింది. పెట్టిన డబ్బు ఇంకో ఏడాదిన్నరలో తిరిగి వచ్చేస్తుందని నా నోటుబుక్కు చెప్తోంది.

నేను కట్టిన బిల్లులో ప్యానెళ్ల వాటా మూడో వంతుకి కొంచెం పైన. మిగతాదంతా ఇన్వర్టర్, ఇనుప స్టాండు, తీగలు, ఎర్తింగ్, మీటరు, కూలి. ఇంకో సంగతి, నేను అప్పు చేయలేదు, రిటైర్మెంటు డబ్బు పెట్టాను. అప్పు చేసే వాళ్లు వడ్డీ చూసుకుని దిగండి. బొగ్గు ప్లాంటులో ఖర్చు రోజూ అవుతుంది. సోలార్‌లో పాతికేళ్ల కరెంటుకి ఒకే రోజు డబ్బు కట్టేస్తున్నాం. కాబట్టి దీనికి బొగ్గు ఏదైనా ఉందంటే అది వడ్డీయే.

ఇక చిరాకులు.

మొదటిది, 3.24 కిలోవాట్లు కొన్నాను కదా, తెర మీద ఒక్కసారైనా 3.24 కనబడుతుందని మొదటి ఎండాకాలం రోజూ మిట్టమధ్యాహ్నం కాపలా కాశాను. 2.6 దాటలేదు. మోసపోయానేమో అనిపించింది. అప్పుడు వేడి కొలిచే గన్ను తెచ్చి ప్యానెల్ వెనకవైపు పెడితే 66 డిగ్రీలు! ప్యానెల్ మీద రాసే వాట్లు 25 డిగ్రీల దగ్గర కొలిచినవి. ఆపైన ఒక్కో డిగ్రీకీ నా ప్యానెల్ 0.35 శాతం చొప్పున వదులుకుంటుంది. 41 డిగ్రీలకి లెక్క వేయండి, పద్నాలుగు శాతం గాలికి పోయింది. దుమ్ము, తీగలు, ఇన్వర్టర్ తలా కాస్త తింటాయి. ఎండ ఎక్కువైతే కరెంటు ఎక్కువ అనుకుంటాం గానీ దీనికి కావలసింది వెలుతురు, వేడి కాదు. నా రికార్డు వచ్చింది ఎండాకాలంలో కాదు. వాన వెలిసిన ఒక పదకొండు గంటలప్పుడు, తెల్ల మబ్బు అంచున సూర్యుడు తొంగిచూస్తే, ఇన్వర్టర్ తన హద్దు మూడు కిలోవాట్లను తాకి నాలుగు నిమిషాలు అక్కడే నిలబడింది. ఆ రోజు పేజీలో చుక్క గుర్తు పెట్టుకున్నాను.

రెండోది మా ఆవిడ ఫిర్యాదు. పెట్టిన మొదటి నెలలోనే మిట్టమధ్యాహ్నం కరెంటు పోయింది. "ఏమండీ, నెత్తి మీద ఇంత ఎండ, ఇంత పెట్టుబడి పెట్టి కప్పంతా కప్పించారు, ఫ్యాను తిరగదేం?" నాకు కారణం తెలుసు. వీధి లైను ఆగినప్పుడు మన ఇన్వర్టర్ కూడా ఆగి తీరాలి. లేకపోతే స్తంభం ఎక్కి తీగ సరిచేసే లైన్‌మన్‌కి మన ఇంటి నుంచి షాక్ కొడుతుంది. అది భద్రత, లోపం కాదు. కానీ అమ్మిన కుర్రాడు ఆ ముక్క చెప్పాలా వద్దా? "కరెంటు కష్టాలు తీరిపోతాయి సార్" అన్నాడు. తీరింది బిల్లు కష్టం, కోత కష్టం కాదు. కోతలో కూడా ఫ్యాను తిరగాలంటే బ్యాటరీ, దానికి తగ్గ హైబ్రిడ్ ఇన్వర్టర్ కావాలి. కొనేముందు ఈ ఒక్క ప్రశ్న తప్పకుండా అడగండి.

మూడోది అసలు గోల. బిగించిన సంస్థ పేరు చెప్పను, చెప్పి ప్రయోజనం లేదు. రెండో ఏడాది ఒక సాయంత్రం ప్యానెళ్లు కడగడానికి పైకెక్కితే ఎక్కడో కాలిన బేకలైట్ వాసన. ముప్పై ఏళ్లు ఆ వాసనకి పరిగెత్తిన ముక్కు నాది. ఇన్వర్టర్ ఆపి, డీసీ స్విచ్ దించి, చీకటి పడేదాకా ఆగి, ఒక్కో ప్యానెల్ కింద తల దూర్చి చూశాను. మూడో ప్యానెల్ దగ్గర రెండు తీగలు కలిసే కనెక్టర్ గోధుమరంగులోకి తిరిగి, ఒకవైపు మైనంలా కుంగిపోయింది. లాగితే రాలేదు, అతుక్కుపోయింది. కారణం చిన్నదే. మగ కనెక్టర్ ఒక కంపెనీది, ఆడ కనెక్టర్ ఇంకో కంపెనీది. చూడ్డానికి అచ్చం ఒకటే, క్లిక్‌మని పడుతుంది కూడా. కానీ లోపల లోహం లోహానికి గట్టిగా ఆనదు. ఆ సందులో వేడి పుడుతుంది, వేడికి సందు ఇంకా పెరుగుతుంది. మర్నాడు ఆరు ప్యానెళ్లకీ ఒకే కంపెనీ కనెక్టర్లు, తీగ చివర నొక్కి బిగించే సరైన క్రింపింగ్ పనిముట్టుతో వేయించాను. బిగించినవాళ్లని పిలిస్తే వచ్చిన అబ్బాయి, "ఎక్కడైనా ఇలాగే వేస్తాం సార్" అన్నాడు. ఆ మాటకే భయం వేసింది. కప్పు మీది డీసీ తీగలో నిప్పురవ్వ పుడితే ఇంట్లో ఏసీ తీగలోలాగా చప్పున ఆరదు. చిల్లర ఖరీదు సామాను దగ్గర కక్కుర్తి పడితే పాతికేళ్ల సామాను బూడిదవుతుంది.

నాలుగో ఏడాది ఇన్వర్టర్ పోయింది. తెర మీద రిలే ఫాల్ట్ అని పడి కూర్చుంది. వారంటీ ఉంది, కాబట్టి డబ్బు అడగలేదు, కాకపోతే పంతొమ్మిది రోజులు పట్టింది. ఆ పంతొమ్మిది రోజులూ ఎండ విరగకాసింది, చూస్తూ కూర్చున్నాను. రెండు వందల యూనిట్లకు పైగా పోయాయి. ప్యానెళ్లు పాతికేళ్లు ఉంటాయి, ఏడాదికి అర శాతం చొప్పున అరుగుతాయి, నా అంకెల్లో అది ఇంకా కనబడనే లేదు. వానలు, మబ్బులు తెచ్చే తేడా దానికన్నా పెద్దది. కానీ ఇన్వర్టర్ పది పదిహేనేళ్ల వస్తువు. పాతికేళ్లలో ఒక్కసారైనా మార్చాలి, ఆ డబ్బు ఇప్పుడే లెక్కలో కలుపుకోండి. అమ్మేవాళ్ల కాగితంలో ఆ గీత ఉండదు.

పెట్టించాక మా ఇంట్లో మారింది టైంటేబుల్. దీపం ఉండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలంటారు, మా ఆవిడ ఇప్పుడు ఎండ ఉండగానే అంటోంది. బట్టల మెషీన్, నీళ్ల మోటారు, ఇస్త్రీ, అన్నీ పది నుంచి మూడు లోపల. గ్రిడ్‌కి పంపిన యూనిట్‌కి మనం కొన్న ధర రాదు, తక్కువే వస్తుంది. కాబట్టి పుట్టిన చోటే వాడుకున్న యూనిట్‌కే విలువెక్కువ.

ఇక రాత్రి సంగతి. సోలార్ అమ్మేవాళ్లు ఈ మాట దగ్గర దగ్గుతారు, నేను దగ్గను. ఏడాదికి 8,760 గంటలూ నా సెట్టు పూర్తిగా పనిచేస్తే 28 వేల యూనిట్లు రావాలి. వచ్చేవి 4,400. ఆరో వంతు కూడా కాదు. సాయంత్రం ఆరున్నరకి లైట్లు వేస్తే ఆ కరెంటు ఎక్కడిదో నాకు తెలుసు, అది మావాళ్లదే. ప్లాంటులో ఇంకా పనిచేస్తున్న కుర్రాడు ఫోన్ చేసి వాపోతుంటాడు. "సార్, మధ్యాహ్నం లోడ్ దించమంటారు, సాయంత్రం ఒక్కసారిగా లేపమంటారు, బాయిలర్ ట్యూబులు తట్టుకోవట్లేదు." నిజమే. రోజంతా ఒకే లోడ్ మీద నడవడానికి పుట్టిన యంత్రాన్ని రోజుకోసారి వేడి చేసి చల్లారిస్తే లోహం అలిసిపోతుంది. సోలార్ యూనిట్ చవకన్న లెక్కలో ఈ ఖర్చు కనబడదు. సమాధానం బ్యాటరీ. దాని ధర కూడా ఇదే మెట్లు దిగుతోంది. 2010లో లిథియం బ్యాటరీ ఒక కిలోవాట్ అవర్‌కి, అంటే ఒక యూనిట్ కరెంటు దాచుకునే చోటుకి, వెయ్యి డాలర్లు దాటి ఉండేది, 2024లో సగటున 115. నేనింకా కొనలేదు. ఇన్వర్టర్ మార్చే రోజు వచ్చినప్పుడు రెండూ కలిపి చూద్దామని ఆగాను.

ఒక్కో దానికి మార్కులు వేయమంటే, ప్యానెళ్లకి ఐదుకి ఐదు. ఇన్వర్టర్‌కి మూడు. బిగించిన వాళ్లకి ఒకటి, అదీ స్టాండు నిటారుగా నిలబెట్టినందుకు.

పక్కింటాయన ఐదేళ్లుగా నన్ను ఒకటే అడుగుతున్నాడు: "బాబాయ్, ఇంకా తగ్గుతుందేమో, ఆగనా?" ప్యానెల్ ధర తగ్గితే తగ్గొచ్చు. కానీ మొత్తం ఖర్చులో అది మూడో వంతే. అది ఇంకో పది శాతం తగ్గితే నీ బిల్లులో తగ్గేది మూడు శాతం. ఆగిన ఒక్క ఏడాదిలో నువ్వు వదులుకునేది నాలుగు వేల చిల్లర యూనిట్లు. నోటుబుక్కు తెరిచి చూపించాక మొన్న ఒప్పుకున్నాడు, కొలతలకి మనిషిని పిలిచాడు. వచ్చినవాడు కప్పంతా తిరిగి, ముందు ఆ నీళ్ల ట్యాంకు జరపాలన్నాడట, నీడ పడుతుందని. ఆ ట్యాంకు నీడే చలికాలంలో మూడు దాటగానే నా ఆరో ప్యానెల్ మీదికి పాకి, వరసలో ఉన్న మిగతా ఐదింటి నోరు కూడా నొక్కేది. మొహమాటానికి ఐదేళ్లు నోరెత్తలేదు. ఎటువైపు జరుపుతాడో ఇంకా చెప్పలేదు. రేపు పొద్దున్నే వెళ్లి కలవాలి.